‘శాంతికర్త’ అను పిస్తోలు

ఆయుధములకు పేర్లు పెట్టుట మనకు క్రొత్త కాదు. అర్జునుని వింటికి గాండీవమని, విష్ణుచక్రమునకు సుదర్శనమని, శివుని ధనుస్సునకు పినాకమని పేర్లు కలవు. ఆ పేర్లు విన్నంతనే వానిని పట్టిన చేతులు మన కన్నులకు కట్టును. అమెరికా దేశమున 1873వ సంవత్సరమున పుట్టిన యొక పిస్తోలునకు కూడ అట్టి పేరొకటి కలిగినది. దాని సర్కారు పేరు ‘సింగిల్ యాక్షన్ ఆర్మీ’. లోకము దాని నెఱిగినది మాత్రము ‘పీస్‌మేకర్’ అను పేరుతో. అనగా శాంతికర్త, తగవు తీర్చువాడు అని అర్థము. ఈ పేరు ఋషులు పెట్టినది కాదు, కవులు పెట్టినది కాదు. సిన్సినాటి నగరమున తుపాకులమ్ము వర్తకులు తమ సరకు చెల్లుటకై ప్రకటనలలో వాడిన పేరిది.

ప్రాణము తీయు సాధనమునకు శాంతికర్త యను పేరు నిలిచిపోవుట యెట్లు సంభవించెను? ఆ శాంతి యెవరికి కలిగెను? ఈ రెండు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానమును శ్రోతలకు మనవి చేసెదను. దానికి ముందు ఈ పిస్తోలు పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పవలసి యున్నది.

ఈ కథకు మూలపురుషుడు శామ్యూల్ కోల్ట్. ఇతడు 1814లో కనెక్టికట్ రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డ్ పట్టణమున జన్మించెను. 1830లో, పదునాఱేండ్ల ప్రాయమున, బోస్టను రేవులో ‘కార్వో’ అను ఓడనెక్కి మన కలకత్తాకు బయలుదేరెను. ఓడను నడుపు చక్రము తిరుగుటయు, కావలసినచోట దానిని బిగించి నిలుపుటయు చూచి, ఆ యుక్తిని పిస్తోలునకు పట్టింపవచ్చునని తలచి, ఓడమీదనే కఱ్ఱతో నొక నమూనాను చెక్కెనని చెప్పుదురు. కథ ముచ్చటైనదే. అయినను తిరుగు దిమ్మగల తుపాకులు అంతకుముందు లేకపోలేదు. ఎలైషా కాలియర్ అను అమెరికను 1818లోనే ఇంగ్లండున అట్టి తుపాకికి పేటెంటు పొందియుండెను. కాలియరు తుపాకిలో దిమ్మను చేతితో త్రిప్పుకొనవలెను. కోల్ట్ తెచ్చిన మార్పేమనగా, వెనుకనున్న సుత్తిని బొటనవ్రేలితో లాగినంతనే దిమ్మ తనంత తాను ఒక గది మేర తిరిగి, గొట్టమునకు సూటిగా నెదురై, బిగుసుకొని నిలుచును. చిన్న యుక్తియే, కాని ఒక్క పిస్తోలు అయిదాఱు పిస్తోళ్ల పని చేయుట దానివలననే సాధ్యమైనది.

యుక్తి కలిగినను చేతిలో పైకము లేదు. కావున ఆ యువకుడు ఊరూర తిరిగి, మనుష్యులను నవ్వించు వాయువును జనులచేత పీల్పించి, వింత చూపి డబ్బు గడించెను. అప్పుడతడు తన్ను ‘న్యూయార్కు, లండను, కలకత్తా నగరముల డాక్టరు’గా ప్రకటించుకొనుచుండెను. ఒక్కమాఱు ఓడలో వచ్చి చూచిన కలకత్తా అతనికి ఈ విధముగా బిరుదై పనికివచ్చినది. అట్లు కూడబెట్టిన ధనముతో నమూనాలు చేయించి, 1836 ఫిబ్రవరి 25వ తేదీన అమెరికాలో పేటెంటు పొందెను. న్యూజెర్సీ రాష్ట్రమందలి పాటర్సనులో కార్ఖానా వెలసెను. కాని సైన్యమువారు ఈ క్రొత్త సాధనమును నమ్మలేదు. 1842లో కార్ఖానా మూతపడెను.

మూతపడిన వ్యాపారమునకు ప్రాణము పోసినది టెక్సాసు సీమ. అక్కడ కమాంచీలను ఆదిమజాతివారు గుఱ్ఱపుస్వారిలో అసమానులు. తమ వేటనేలలను ఆక్రమించుకొన వచ్చిన తెల్లవారితో వారు పోరాడుచుండిరి. తెల్లవాడు తన తుపాకి నొక్కమాఱు పేల్చి, మందు దట్టించి, మరల గుండు వేసికొనునంతలో కమాంచీ విలుకాడు అనేక బాణములు విడువగలడు. గుఱ్ఱముమీద నుండి దట్టించుట మఱియు కష్టము. 1844 జూనులో వాకర్స్ క్రీక్ అను చోట కెప్టెన్ జాక్ హేస్, సుమారు పదునైదుమంది టెక్సాసు రేంజర్లతో, తమకంటె ఎన్నోరెట్లున్న కమాంచీ దళము నెదుర్కొనెను. వారి చేతులలో పాటర్సనులో చేసిన అయిదు గదుల కోల్ట్ పిస్తోళ్లున్నవి. ఆనాటితో ఆ మైదానములలో బలాబలములు తారుమారయ్యెను.

ఆ పోరులో పాల్గొన్న శామ్యూల్ వాకర్ తరువాత మెక్సికో యుద్ధమున కెప్టెనై, కోల్ట్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, మఱింత బలమైన ఆఱు గదుల పిస్తోలు కావలెనని కోరెను. సర్కారు 1,000 పిస్తోళ్లకు ఉత్తరువిచ్చెను. అప్పటికి కోల్ట్‌కు సొంత కార్ఖానాయే లేదు. 1847లో వానిని మఱియొకరి కార్ఖానాలో చేయించి యిచ్చెను. అది నాలుగున్నర పౌనుల బరువుగల భారీ సాధనము. నడుమున కట్టుకొనుటకంటె గుఱ్ఱపు జీనుకు తగిలించుకొనుటకే తగినది. దానిని కోరి చేయించిన వాకర్ ఆ సంవత్సరము అక్టోబరులోనే మెక్సికోలో యుద్ధమున మరణించెను. కోల్ట్ మాత్రము ఆ లాభముతో హార్ట్‌ఫర్డ్‌లో కార్ఖానా కట్టెను. 1851లో లండను మహాప్రదర్శనమున తన పిస్తోళ్లను చూపి యూరపును ఆశ్చర్యపఱచెను. యంత్రములతో ఒక్క తీరుగా అవయవములు చేసి కూర్చుటలో ఆ కార్ఖానా అమెరికాకే ఒక పాఠశాల యయ్యెను. 1862 జనవరిలో కోల్ట్ నలువదియేడేండ్ల వయసున మరణించెను. అతని కీర్తికి ప్రధానకారణమైన పిస్తోలు అప్పటికింకను పుట్టలేదన్న సంగతి శ్రోతలు గమనింపదగినది.

ఎందుకు పుట్టలేదో చెప్పెదను. కోల్ట్ చేసిన పిస్తోళ్లన్నిటిలో మందు, గుండు వేఱువేఱుగా ముందువైపునుండి దట్టించి, వెనుకవైపున రాగి టోపీలు తొడుగవలెను. ఆఱు గదులు నింపుట కొన్ని నిముషముల పని. వానలో మందు తడియును. మందు, గుండు, టోపీ మూడును ఒక్క లోహపు గొట్టములో ఇమిడిన తూటా వచ్చిన తరువాత ఈ బాధ తీరవలసినది. కాని తూటాను వెనుకనుండి దోపుటకు దిమ్మలోని గదులు ఆవలినుండి ఈవలికి తొలిచియుండవలెను. ఆ ఏర్పాటునకు రాలిన్ వైట్ అనునతడు 1855లో పేటెంటు పొందెను. అతడు ఒకప్పుడు కోల్ట్ కార్ఖానాతో సంబంధమున్నవాడే. ఆ హక్కు కోల్ట్‌కు దక్కలేదు. స్మిత్ అండ్ వెస్సన్ అను పోటీదారులకు చిక్కెను. వారు తుపాకి యొక్కంటికి పావు డాలరు చొప్పున వైట్‌కు చెల్లించుచు, ఇతరులనెవ్వరిని ఆ దారి త్రొక్కనీయలేదు. 1869లో గడువు తీరెను. గడువు పొడిగింప వైట్ చేసిన ప్రయత్నమును అధ్యక్షుడు గ్రాంట్ 1870 జనవరిలో త్రోసిపుచ్చెను. అప్పుడుగాని కోల్ట్ కార్ఖానాకు దారి తెఱవబడలేదు.

ఆ కార్ఖానాలో విలియం మేసన్ అను నిపుణుడు ప్రధానముగా రూపకల్పన చేసిన క్రొత్త పిస్తోలును 1872లో సైన్యమువారు పరీక్షించి, 1873లో స్వీకరించి, మొదట 8,000 కావలెనని ఉత్తరువు చేసిరి. అదియే మన కథానాయిక.

దాని రూపము వర్ణించెదను. గొట్టము ఏడున్నర అంగుళములు. బరువు సుమారు రెండున్నర పౌనులు. గొట్టపు రంధ్రము అంగుళములో నూటికి 45 వంతులు. తూటాలో 40 గ్రెయినుల నల్లమందును, 250 గ్రెయినులకు పైబడిన సీసపు గుండును ఉండును. పూర్వపు కోల్ట్ పిస్తోళ్లలో దిమ్మకు పైభాగము బోడిగా నుండెడిది. దీనిలో దిమ్మచుట్టును ఇనుపచట్రము మూసికొని గట్టిగా నున్నది. కుడిప్రక్కన చిన్న తలుపు. దానిని తెఱచి తూటాల నొక్కొక్కటిగా దోపవలెను. పేల్చిన తరువాత గొట్టము క్రిందనున్న కడ్డీతో ఖాళీ తూటాల నొక్కొక్కటిగానే నెట్టి పడవేయవలెను. ప్రతి దెబ్బకు ముందు సుత్తిని బొటనవ్రేలితో లాగవలెను. మీట నొక్కినంతమాత్రమున అది పేలదు. సుత్తిని మెల్లగా వెనుకకు లాగునప్పుడు నాలుగు చిటుకులు వినబడును. ఆ నాలుగును కోల్ట్ అను ఇంగ్లీషు పేరులోని నాలుగక్షరములని దాని భక్తులు చమత్కారముగా చెప్పుకొందురు.

దీనిలో లోపములు లేకపోలేదు. సుత్తి తూటామీద ఆనియున్నప్పుడు క్రిందపడినచో పేలును. కావున తెలిసినవారు ఆఱు గదులలో అయిదింటినే నింపి, ఖాళీ గదిమీద సుత్తి నుంచెడివారు. ఆఱు దెబ్బల పిస్తోలని ప్రసిద్ధికెక్కినది వాడుకలో తఱచు అయిదు దెబ్బలదే. తూటాలు మార్చుటలో స్మిత్ అండ్ వెస్సన్ వారి పిస్తోలు ఇంతకంటె చుఱుకైనది. దానిని మధ్యకు విఱిచినచో ఖాళీ తూటాలన్నియు ఒక్కమాఱే ఎగిరిపడును. అయినను కోల్ట్ నెగ్గెను. కారణము దాని మోటుతనమే. అవయవములు కొద్ది, చట్రము గట్టి, దుమ్మునకు బురదకు ఓర్చును. లోపలి స్ప్రింగు విఱిగినను దిమ్మను చేతితో త్రిప్పి పేల్చుకొనవచ్చును. కమ్మరి కొలిమికైనను వందమైళ్లు పోవలసిన సీమలో ఇది చిన్న గుణము కాదు. పిడి ఆకారము 1851 నాటి పిస్తోలునుండి వచ్చినది. పేలినప్పుడు ఎదురుదెబ్బను మణికట్టుమీద మోపక, పిడి అఱచేతిలో జాఱి పైకి తిరుగును. బొటనవ్రేలు తిన్నగా సుత్తిమీదికే చేరును.

సైన్యము దీనిని 1892 వఱకు వాడెను. ఆ కాలమున కొన్నవి సుమారు 37,000. ఆ సైన్యము చేసిన పనియేమి? 1868 నాటి సంధివలన లకోటా జాతివారికి బ్లాక్ హిల్స్ కొండసీమ దఖలుపడియుండెను. 1874లో అక్కడ బంగారమున్నట్లు తెలిసెను. సంధి చెదరెను. 1876 జూను 25న లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున కస్టర్ నాయకత్వమున దాడి వెడలిన ఏడవ ఆశ్వికదళమువారు కత్తులను వెనుక విడిచి, కార్బైను తుపాకితోబాటు ఈ కోల్ట్ పిస్తోలును ధరించి పోయిరి. కస్టరును, అతని వెంటనున్న సుమారు 210 మందియు అక్కడనే కూలిరి. వారి పిస్తోళ్లు లకోటా, షయెన్ వీరుల చేజిక్కెను. ఒక్కనాటి ఆ జయము వారి నేలను నిలుపలేదు. మరుసటి సంవత్సరమే బ్లాక్ హిల్స్ వారినుండి తీసికొనబడెను. శాంతికర్త నెలకొల్పిన శాంతిలో ఇదియొకటి.

సైనికులు గాక సామాన్యులును దీనిని కొనిరి. టపాలో తెప్పించుకొనుటకు వెల 17 డాలర్లు. 1878 ప్రాంతమున ‘ఫ్రాంటియర్ సిక్స్ షూటర్’ అను పేరుతో వించెస్టరు తుపాకి తూటాయే పట్టునట్లు చేసి అమ్మిరి; రెండు ఆయుధములకు ఒక్క తూటాల పటకా చాలును. పశువుల కాపరులగు కౌబాయిలు పామును కొట్టుటకు, బెదరిన మందను మరల్చుటకు, గాయపడిన గుఱ్ఱమునకు బాధ తీర్చుటకు దీనిని వాడినంతగా మనుష్యులమీద వాడలేదు. డాడ్జ్ సిటీలో పేరుమోసిన బ్యాట్ మాస్టర్సన్ 1885లో కార్ఖానావారికి స్వయముగా ఉత్తరము వ్రాసి, గుఱిచూచు మొన కొంచెము ఎత్తుగా, దళసరిగా ఉండవలెనని కోరి చేయించుకొనెను. మనము కంసాలితో నగకు కొలతలు చెప్పినట్లే అతడు తన పిస్తోలునకు చెప్పుకొనెను.

అదే 1878లో మన దేశమున లిట్టన్ ప్రభువు ఆయుధచట్టము చేసెను. లైసెన్సు లేనిదే భారతీయుడు ఆయుధము పట్టరాదు. తెల్లవారికి ఆ నిర్బంధము లేదు. ఒకే సంవత్సరమున ఒక దేశమందు టపాలో పిస్తోలు, మఱియొక దేశమందు చేతులకు సంకెల! అమెరికా తెల్లవాని స్వేచ్ఛను గూర్చి చదివినప్పుడు మన పెద్దలకు మనసున మెదలిన అసూయను నేను అర్థము చేసికొనగలను. కాని ఆ స్వేచ్ఛయే శాంతిని తెచ్చెనా అను ప్రశ్న వేఱు. దానికి సమాధానము అమెరికా సరిహద్దు పట్టణముల శాసనములలోనే ఉన్నది.

చలనచిత్రములు చూచినవారు ఆ పట్టణములలో ప్రతివాని నడుమునను పిస్తోలు వ్రేలాడుచుండెనని తలంతురు. నిజమునకు డాడ్జ్ సిటీవంటి చోట్ల ఊరిలో ఆయుధము ధరించుట నేరము. ఊరు చొచ్చినవాడు దానిని నియమితస్థలమున అప్పగించి, పోవునప్పుడు తీసికొనవలెను. 1870 మొదలు 1885 వఱకు కాన్సాసు రాష్ట్రమున పశువుల వ్యాపారమునకు ప్రసిద్ధిచెందిన అయిదు పట్టణములలో జరిగిన హత్యలను రాబర్ట్ డిక్‌స్ట్రా అను చరిత్రకారుడు లెక్కించి 1968లో ప్రకటించెను. అన్నియు కలిసి 45! మన ఊహలోని రక్తపుటేఱు అక్కడ కానరాదు.

అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణమున 1881 ఏప్రిలులో అట్టి శాసనమే చేసిరి. ఆ సంవత్సరము అక్టోబరు 26న పట్టణపు మార్షల్ వర్జిల్ ఎర్ప్, తన సోదరులు వయట్, మోర్గన్‌లతోను డాక్ హాలిడేతోను కలిసి, ఆయుధములతో తిరుగుచున్న క్లాంటన్, మెక్‌లౌరీ కుటుంబములవారిని నిరాయుధులను చేయబోయెను. సుమారు ముప్పది సెకండ్ల కాలములో సుమారు ముప్పది దెబ్బలు పేలెను, ముగ్గురు మరణించిరి. ఓ.కె. కొరాల్ సమరమని దీనికి జగత్ప్రసిద్ధి. ఎందఱో దీనిని పిస్తోలు పరాక్రమమునకు నిదర్శనముగా చెప్పుదురు. పిస్తోళ్లు అప్పగింపుడని చేసిన శాసనమే ఆ తగవునకు వెనుకనున్నదని చెప్పువారు తక్కువ. చనిపోయినవారిలో ఫ్రాంక్ మెక్‌లౌరీ, బిల్లీ క్లాంటన్‌ల చేతనున్నవి కోల్ట్ పిస్తోళ్లే. వారికది శాంతికర్త కాలేదు.

మఱి యీ పిస్తోలునకు ఇంత మోహమెక్కడిది? సరిహద్దుసీమ అంతరించిన తరువాతనే ఈ మోహము పెరిగినది. 1890 జనాభాలెక్కల పిమ్మట అమెరికా సర్కారు, సరిహద్దు అని చెప్పదగిన రేఖ యిక లేదని ప్రకటించెను. 1873 మొదలు 1940 దాక ఈ కార్ఖానా చేసిన పిస్తోళ్లు సుమారు 3,57,000. వానిలో సగమునకు మించి 1890 తరువాత చేసినవే! అనగా కొన్నవారిలో పలువురు పోయిన కాలమును కొనిరి. 1903లో ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ చిత్రమున ఒక దొంగ పిస్తోలును తిన్నగా ప్రేక్షకులవైపు గుఱిపెట్టి పేల్చెను. నాటినుండి తెఱ ఈ ఆయుధమునకు ఆలయమైనది. కట్టుకథలును పుట్టెను. నెడ్ బంట్‌లైన్ అను రచయిత వయట్ ఎర్ప్‌కు అతిదీర్ఘమైన గొట్టముగల కోల్ట్‌ను బహూకరించెనని 1931లో వెలువడిన ఎర్ప్ జీవితచరిత్రమున వ్రాసిరి. దానికి ఆధారము నేటివఱకు దొరకలేదు. అయినను జనులు కోరుటచే కార్ఖానావారు తరువాత అట్టి పిస్తోలును నిజముగానే చేసి అమ్మిరి. కల్పన ముందు పుట్టి, వస్తువు వెనుక పుట్టుట ఇదియొక వింత.

రెండవ ప్రపంచయుద్ధపు అవసరములవలన ఆగిపోయిన ఈ పిస్తోలు తయారీ, టెలివిజనులో కౌబాయి కథల వెల్లువ వచ్చుటచే 1956లో మరల సాగెను. ఆ గాలి మన సీమకును సోకినది. 1971లో కె. ఎస్. ఆర్. దాస్ దర్శకత్వమున, కృష్ణ నాయకుడుగా వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ చిత్రము కౌబాయిని తెలుగు మాటాడించెను. కోల్ట్ కలకత్తాకు పోయివచ్చిన నూటనలువది యేండ్లకు అతని పిస్తోలు నీడ తెలుగు తెఱమీద పడినది.

మోహమునకు కారణములు నాకు తోచినవి రెండు. మొదటిది దాని పనితనము. దాని లోపలి నడక కంటికి కనబడును, చెవికి వినబడును. లాగినచో తిరుగును, బిగుసుకొనును, నొక్కినచో పేలును. మర్మము లేని యంత్రము మనుష్యునకు స్నేహితునివలె నుండును. రెండవది దాని చుట్టునల్లిన కథ. న్యాయస్థానము దూరము, రక్షకభటులు లేరు. ఒంటరి గుఱ్ఱపురౌతు, అతని నడుమున ఆఱు తూటాలు. మంచి చెడులు క్షణములో తేలిపోవును. వ్యాజ్యములతో, వాయిదాలతో, ఆఫీసుల చుట్టు ప్రదక్షిణములతో విసిగిన మనుష్యునకు ఇంతకంటె తీయని కల లేదు. ఆ విసుగు మనకును లేకపోలేదు. కావుననే ఆ కల మనలను కూడ లాగును.

పనితనమును మెచ్చుకొనుటలో దోషము లేదు. హార్ట్‌ఫర్డ్ పనివారి నేర్పు గౌరవింపదగినదే. కాని కలను చరిత్రగా పొరబడరాదు. గాండీవమునైనను అర్జునుడు కడపట వరుణునకు తిరిగి యిచ్చివేయుటకై సముద్రములో విడువవలసివచ్చెనని మహాభారతము చెప్పుచున్నది. డాడ్జ్ సిటీ, టూంబ్‌స్టోన్ ప్రజలకు ఆ కథ తెలియదు. అయినను తమ పిల్లలు బడికి పోవు వీధిలో పిస్తోలు ఉండరాదని వారును నిశ్చయించుకొనిరి. ఆ ఊళ్లలో శాంతి యెక్కడ మొదలయ్యెనని అడిగినచో నేను ఒక బల్లను చూపుదును: ఊరిలోనికి వచ్చినవాడు తన కోల్ట్‌ను విప్పి పెట్టి, పోవునప్పుడు తీసికొనిపోయిన బల్ల. దానిని చేసిన వడ్రంగి పేరు ఏ చరిత్రలోను లేదు. దానికి ముద్దుపేరు పెట్టిన వర్తకుడును లేడు.